ఉద్దానం నీళ్ళ సర్వే ఉదాహరణగా కై-స్క్వేర్ పరీక్ష: ఫారం నుంచి రిపోర్టు దాకా

సర్వే ఫారాల్లో వచ్చే జవాబుల్లో చాలా భాగం అంకెలు కావు, రకాలు. ఇంటికి జీవనాధారం ఏమిటని అడిగితే తోట, వేట (చేపల వేట), కూలి అంటారు. తాగే నీళ్ళు ఎక్కడివంటే కుళాయి, బోరు, క్యాన్ అంటారు. వీటికి సగటు ఉండదు. ఏ రకంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టగలం, అంతే. ఆ లెక్కల్లో కనిపించే తేడా ఊళ్ళో నిజంగానే ఉందా, లేక మనకి దొరికిన ఇళ్ళను బట్టి అలా పడిందా అని చూడటానికి కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన పద్ధతే కై-స్క్వేర్ పరీక్ష.

లెక్క సులువే. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వస్తే చాలు. కష్టమంతా లెక్కకి ముందూ వెనకా ఉంటుంది. ముఖ్యంగా మన శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా తిరిగి చేసే సర్వేల్లో ఈ పరీక్ష కోరే ఒక షరతు దాదాపు ఎప్పుడూ తీరదు. దాన్ని పట్టించుకోకుండా రాసిన రిపోర్టులు చాలా ఉన్నాయి. అందుకే ఆ భాగం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఉదాహరణకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి ఉంది కాబట్టి తాగే నీళ్ళ మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అక్కడ 15 ఊళ్ళు ఎంచుకుని, ఊరికి 20 ఇళ్ళ చొప్పున 300 ఇళ్ళు తిరిగామని అనుకుందాం. కింద వచ్చే సర్వే అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి నేను వేసినవి. ఉద్దానం పరిస్థితికి రుజువుగా వాటిని ఎవరూ వాడకండి.

మొదటి అడుగు: ప్రశ్నని ఒక్క వాక్యంలో రాసుకోండి

"ఇంటి జీవనాధారానికీ, ఆ ఇంట్లో తాగే నీళ్ళకీ సంబంధం ఉందా?" ఇదీ మన ప్రశ్న. ఇందులో రెండు విషయాలున్నాయి, రెండూ రకాలే. పరీక్ష మొదలుపెట్టేటప్పుడు మాత్రం సంబంధం లేదనే అనుకోవాలి. దీన్ని శూన్య పరికల్పన అంటారు. మన అంకెలు ఆ ఊహకి ఎంత దూరంగా ఉన్నాయో పరీక్ష చెబుతుంది.

ఈ వాక్యం ఫారాలు చేతికి రాకముందే రాసుకోవాలి. సర్వే అయ్యాక 20 ప్రశ్నల్ని ఒకదానితో ఒకటి జత కలిపి చూస్తే 190 పట్టికలు వస్తాయి. ఎక్కడా ఏ సంబంధం లేకపోయినా, నూటికి ఐదు హద్దు దగ్గర (అంటే సంబంధం లేకున్నా వందలో ఐదుసార్లు ఉందని పొరబడొచ్చని ఒప్పుకునే హద్దు) వాటిలో తొమ్మిదో పదో "తేడా ఉంది" అని చూపిస్తాయి. అలా ఏరుకున్నదాన్ని ఫలితమని రాయకూడదు.

రెండో అడుగు: ఫారం పరీక్షకి పనికొచ్చేలా ఉండాలి

ఒక ఇల్లు పట్టికలో ఒకే ఒక గడిలో పడాలి. "మీరు వాడే నీళ్ళన్నిటికీ టిక్ పెట్టండి" అని అడిగితే ఒకే ఇల్లు కుళాయిలోనూ క్యాన్‌లోనూ పడుతుంది. గడులన్నీ కూడితే 300 దాటిపోతుంది, ఆ పట్టికకి కై-స్క్వేర్ పనికిరాదు. "తాగడానికి ఎక్కువగా వాడేది ఏది?" అని ఒకే జవాబు వచ్చేలా అడగండి. అన్నీ తెలుసుకోవడం తప్పదనుకుంటే, ఒక్కో రకం నీటికి అవును, కాదు అని విడివిడి పట్టికలు వేసుకోవాలి.

అలాగే ఒకే ఇంట్లో భార్యనీ భర్తనీ విడిగా అడిగి ఇద్దరిగా లెక్కపెట్టకండి. ఇద్దరూ తాగేది ఒకే బిందెలో నీళ్ళు. వేటకీ వెళ్ళి, తోటలో కూలికీ వెళ్ళే ఇంటిని ఏ రకంలో వేయాలో ముందే తేల్చి, సర్వే చేసే పిల్లలందరికీ ఒకే మాట చెప్పండి. నా లెక్కలో అయితే గడిచిన ఏడాదిలో ఎక్కువ డబ్బు దేని మీద వస్తే అదే ఆ ఇంటి జీవనాధారం.

మూడో అడుగు: మనకి దొరికినవాళ్ళు ఎవరో చూడండి

ఇక్కడా కై-స్క్వేరే పనికొస్తుంది. ఒకే విషయాన్ని తెలిసిన నిష్పత్తితో పోల్చే ఈ రకాన్ని సరిపోలిక పరీక్ష అంటారు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవాళ్ళకి 1015 మంది ఆడవాళ్ళున్నారు. ఆ లెక్కన 300 మందిలో ఆడవాళ్ళు సుమారు 151, మగవాళ్ళు 149 ఉండాలి. పెద్దవాళ్ళ వరకే తీసుకుంటే నిష్పత్తి కాస్త మారొచ్చు గానీ మన పనికి ఇది చాలు. మన ఫారాల్లో జవాబు చెప్పినవాళ్ళు 186 మంది ఆడవాళ్ళు, 114 మంది మగవాళ్ళు అనుకుందాం.

తేడా రెండువైపులా 35. దాన్ని వర్గం చేసి 151తో ఒకసారి, 149తో ఒకసారి భాగించి కూడితే కై-స్క్వేర్ విలువ 16 పైచిలుకు వస్తుంది. రెండే రకాలు కాబట్టి స్వేచ్ఛాంకం (మొత్తం తెలిశాక స్వేచ్ఛగా నింపగల గడుల సంఖ్య) 1, దానికి నూటికి ఐదు హద్దు 3.84. మనది ఆ హద్దుకి చాలా పైన ఉంది. అంటే పగటిపూట, మగవాళ్ళు వేటకో పనికో పోయిన వేళ ఇళ్ళకి వెళ్ళామన్నమాట. ఇంటి నీళ్ళ గురించి ఆడవాళ్ళు చెప్పేదే నికరం కాబట్టి ఈ ప్రశ్నకి ఇబ్బంది లేదు. అప్పుల గురించో వలస గురించో అడిగి ఉంటే మాత్రం సాయంత్రాలు మళ్ళీ వెళ్ళాల్సిందే.

నాలుగో అడుగు: పట్టిక

| జీవనాధారం | కుళాయి | బోరు, బావి | క్యాన్ | మొత్తం |
|---|---|---|---|---|
| తోట | 36 | 22 | 42 | 100 |
| వేట | 30 | 28 | 22 | 80 |
| కూలి | 54 | 40 | 26 | 120 |
| మొత్తం | 120 | 90 | 90 | 300 |

గడుల్లో ఉండాల్సినవి ఇళ్ళ సంఖ్యలే, శాతాలు కావు. శాతాలు వేసి లెక్కకడితే 300 ఇళ్ళ సర్వేకీ 3000 ఇళ్ళ సర్వేకీ ఒకే జవాబు వస్తుంది, అది తప్పు. చూసి అర్థం చేసుకోవడానికి మాత్రం శాతాలు పక్కన రాసుకోండి. క్యాన్ నీళ్ళు కొనేవాళ్ళు తోట ఇళ్ళలో 42 శాతం, వేట ఇళ్ళలో 27.5, కూలి ఇళ్ళలో దాదాపు 22. కంటికైతే తేడా ఉన్నట్టే ఉంది.

"చెప్పలేం" అన్న ఇళ్ళని చడీచప్పుడు లేకుండా తీసేయకండి. ఎన్ని ఉన్నాయో, ఏ వరుసలో ఎక్కువున్నాయో రాసి పెట్టండి.

ఐదో అడుగు: సంబంధమే లేకపోతే ఎన్ని ఉండాలి?

మొత్తం 300 ఇళ్ళలో 90 క్యాన్ కొంటున్నాయి, అంటే 30 శాతం. జీవనాధారంతో సంబంధం లేకపోతే తోట ఇళ్ళలోనూ 30 శాతమే కొనాలి. నూరు ఇళ్ళు కాబట్టి 30. ప్రతి గడికీ ఇదే పద్ధతి: ఆ వరుస మొత్తాన్ని ఆ నిలువు మొత్తంతో గుణించి, సర్వే మొత్తంతో భాగించాలి.

| జీవనాధారం | కుళాయి | బోరు, బావి | క్యాన్ |
|---|---|---|---|
| తోట | 40 | 30 | 30 |
| వేట | 32 | 24 | 24 |
| కూలి | 48 | 36 | 36 |

ఈ అంచనా సంఖ్యలు మరీ చిన్నవైతే పరీక్ష నమ్మదగ్గది కాదు. సాధారణంగా పాటించే నియమం ఇది: ఐదులో ఒక వంతుకి మించి గడుల్లో అంచనా 5 కంటే తక్కువ ఉండకూడదు, ఏ గడిలోనూ 1 కంటే తగ్గకూడదు. చూడాల్సింది అంచనా పట్టికనే, మనం లెక్కపెట్టిన సంఖ్యల్ని కాదు. తక్కువైతే దగ్గరి రకాల్ని కలపండి, కానీ అర్థం ఉండేలా కలపండి. బోరు, బావి కలపొచ్చు. బావినీ కొనే క్యాన్‌నీ కలిపితే ప్రశ్నే పోతుంది. కలపడానికి వీల్లేకపోతే చిన్న సంఖ్యలకీ పనికొచ్చే ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్ష చేయండి.

ఆరో అడుగు: కై-స్క్వేర్ విలువ

ప్రతి గడిలో లెక్కపెట్టిన సంఖ్య నుంచి అంచనా తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేసి, మళ్ళీ అంచనాతో భాగించాలి. తోట ఇళ్ళ వరుస: 0.40, 2.13, 4.80. వేట వరుస: 0.13, 0.67, 0.17. కూలి వరుస: 0.75, 0.44, 2.78. దశాంశాలు ఇంకా పొడిగించి కూడితే 12.26.

ఇప్పుడు స్వేచ్ఛాంకం. వరుసల సంఖ్యలోంచి ఒకటి, నిలువుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి గుణించాలి: 2 × 2 = 4. ఎందుకంటే వరుస మొత్తాలు, నిలువు మొత్తాలు తెలిస్తే నాలుగు గడులు నింపగానే మిగతా ఐదూ వాటంతట అవే తేలిపోతాయి. ఇక్కడ పియర్సన్ అంతటివాడే పొరబడ్డాడు. ఆయన పద్ధతిలో ఈ పట్టికకి స్వేచ్ఛాంకం 8 వచ్చేది. దాన్ని గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ 1922లో సరిదిద్దాడు.

స్వేచ్ఛాంకం 4 అయితే నూటికి ఐదు హద్దు 9.49, నూటికి ఒకటి హద్దు 13.28. మన 12.26 రెంటికీ మధ్యలో ఉంది. కంప్యూటర్ పి-విలువ 0.0155 అని ఇస్తుంది. దీని అర్థం జాగ్రత్తగా చదవండి. జీవనాధారానికీ నీళ్ళకీ సంబంధమే లేకపోయినా, ఒక్కో ఇల్లూ విడివిడిగా ఎంచుకున్న సర్వేలో ఇంత తేడా గానీ ఇంతకు మించి గానీ కనిపించే అవకాశం నూటికి ఒకటిన్నర. అంతేగాని, "సంబంధం ఉండే అవకాశం నూటికి 98.5" అని కాదు. ఈ రెండో వాక్యం ప్రాజెక్టు రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. దయచేసి రాయకండి.

ఏడో అడుగు: తేడా ఏ గడిలో ఉంది, ఎంత ఉంది

పట్టికలో ఎక్కడో తేడా ఉందని మాత్రమే 12.26 చెబుతుంది. ఎక్కడో తెలియాలంటే సవరించిన శేషాలు చూడాలి. గడి తేడాని, అంచనా × (1 − వరుస వాటా) × (1 − నిలువు వాటా) వర్గమూలంతో భాగిస్తే వస్తాయి. తోట–క్యాన్ గడికి తేడా 12ని 14 (30 × 2/3 × 0.7) వర్గమూలంతో భాగిస్తే 3.21. కూలి–క్యాన్‌కి −2.57, తోట–బోరుకి −2.14. మిగతావి చిన్నవి. సాధారణంగా 2 దాటితే గమనించదగ్గదంటారు. కానీ తొమ్మిది గడులు ఒకేసారి చూస్తున్నాం కాబట్టి హద్దుని సుమారు 2.77కి పెంచడం న్యాయం. అప్పుడు నిలబడేది ఒక్క తోట–క్యాన్ గడి.

బలం సంగతి వేరు. కై-స్క్వేర్‌ని సర్వే మొత్తంతోనూ, వరుసలూ నిలువుల్లో తక్కువున్నదానిలోంచి ఒకటి తీసేసినదానితోనూ భాగించి వర్గమూలం తీస్తే క్రామర్ వి వస్తుంది. మనకి 12.26ని 600తో భాగించి వర్గమూలం తీస్తే 0.14. సున్నా అయితే సంబంధం లేదు, ఒకటి అయితే పూర్తిగా ఉంది. 0.14 అంటే ఉన్నా బలహీనమే. ఇదే పట్టికలో ప్రతి అంకెకీ పక్కన ఒక సున్నా చేర్చి 3000 ఇళ్ళు చేస్తే కై-స్క్వేర్ 122.6 అవుతుంది, పి-విలువ దాదాపు సున్నాకి పోతుంది. క్రామర్ వి మాత్రం 0.14 దగ్గరే ఉంటుంది. అందుకే రెండూ రాయాలి.

ఎనిమిదో అడుగు: ఇళ్ళకంటే ముందు ఊళ్ళని లెక్కపెట్టండి

ఇంతవరకూ చేసిన లెక్కంతా ఒక నమ్మకం మీద నిలబడింది: 300 ఇళ్ళలో ఏ ఇంటి జవాబుకీ మరో ఇంటి జవాబుతో పని లేదు. మన సర్వేలో ఇది నిజం కాదు. మనం జిల్లా మొత్తంలోంచి 300 ఇళ్ళు ఏరలేదు, 15 ఊళ్ళు ఏరాం. ఒక ఊరికి కుళాయి లైను వచ్చిందంటే ఆ ఊళ్ళో మనం వెళ్ళిన 20 ఇళ్ళలో ఎక్కువ ఇళ్ళు కుళాయే చెబుతాయి. క్యాన్ల ఆటో రోజూ వచ్చే ఊళ్ళో క్యాన్లే ఎక్కువ. జీవనాధారమూ అంతే. సముద్రం ఒడ్డు ఊరైతే ఊరంతా వేట మీదే ఉంటుంది, లోపలికి వస్తే జీడి, కొబ్బరి తోటలు. ఒకే ఊళ్ళో 20 ఇళ్ళ జవాబులు మనకి 20 వేరువేరు సంగతులు చెప్పడం లేదు. ఆ ఊరి సంగతినే మళ్ళీ మళ్ళీ చెబుతున్నాయి.

దీని ప్రభావాన్ని స్థూలంగా కొలవొచ్చు. ఒకే ఊరి ఇళ్ళ జవాబులు ఎంతగా కలుస్తాయో చెప్పే సంఖ్యని 0.05 అనుకుందాం, చాలా తక్కువే వేశాను. ఊరికి 20 ఇళ్ళు కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ (ఊళ్ళవారీగా ఏరడం వల్ల విలువ ఎన్ని రెట్లు ఉబ్బిందో చెప్పే సంఖ్య) 1 + 19 × 0.05 = 1.95. మన 12.26ని దీంతో భాగిస్తే 6.29. హద్దు 9.49 కాబట్టి ఇది దాటలేదు. పి-విలువ 0.18 దగ్గరికి వెళ్ళిపోతుంది. పొద్దుట ఘనంగా కనిపించిన ఫలితం సాయంత్రానికి నిలబడలేదు. నీళ్ళ విషయంలో ఊరి పోలిక 0.05 కంటే ఎక్కువే ఉంటుందని నా నమ్మకం. అలా అయితే విలువ ఇంకా తగ్గుతుంది.

ఇది సర్వేకి ముందే తెలిస్తే మార్గం ఉంది. అదే 300 ఇళ్ళని 30 ఊళ్ళలో పదేసి చొప్పున తిరిగితే డిజైన్ ఎఫెక్ట్ 1.45 అవుతుంది. పట్టిక ఇదే వచ్చిందనుకుంటే విలువ 8.46. 60 ఊళ్ళలో ఐదేసి ఇళ్ళు తిరిగితే 1.2, విలువ 10.22, హద్దు దాటింది. బస్సు ఖర్చులు పెరుగుతాయి, నిజమే. కానీ ఒక ఊళ్ళో ఇరవయ్యో ఇంటి తలుపు తట్టే బదులు ఇంకో ఊరికి వెళ్ళడమే మంచిది. గైడ్‌తో కూర్చుని సర్వే పథకం వేసుకునే రోజునే ఇది మాట్లాడుకోండి.

పైన చేసిన భాగహారం మోటు పద్ధతి. సరైన పద్ధతి రావు–స్కాట్ సవరణ. జె.ఎన్.కె. రావు, ఎ.జె. స్కాట్ కలిసి 1981లోనూ 1984లోనూ రాసిన వ్యాసాల నుంచి వచ్చింది. ఈ రావు గారు వేరు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు వేరు. గణాంకాలకి వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో సర్వే (survey) అనే ప్యాకేజీ వేసుకుని, ఏ ఇల్లు ఏ ఊరిదో చెబితే ఎస్‌వీవై చిస్క్ (svychisq) అనే ఫంక్షన్ రావు–స్కాట్ లెక్క చేసి పెడుతుంది. అందుకు ప్రతి ఫారం మీదా ఊరి కోడ్ ఉండాలి. అది రాయకపోతే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

తొమ్మిదో అడుగు: ఇది వాడకూడని చోట్లు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ కూల్చేసింది. అవే కుటుంబాలని "తుపానుకి ముందు దేని మీద బతికారు, తర్వాత దేని మీద?" అని అడిగితే రెండు జవాబులూ ఒకే ఇంటివి. ముందు 100, తర్వాత 100 అని 200గా వేసి కై-స్క్వేర్ చేయకూడదు. అవును, కాదు జవాబులైతే మెక్‌నెమార్ పరీక్ష చేయాలి.

"చాలా తృప్తి, కొంచెం తృప్తి, అసలు లేదు" లాంటి జవాబులకి ఒక వరస ఉంది. కై-స్క్వేర్‌కి ఆ వరస కనిపించదు, నిలువుల్ని అటూ ఇటూ మార్చినా అదే విలువ ఇస్తుంది. అక్కడ ఆ వరసని లెక్కలోకి తీసుకునే ట్రెండ్ పరీక్షే మేలు.

రెండు వరుసలు, రెండు నిలువులే ఉన్న పట్టికకి యేట్స్ సవరణ (ప్రతి తేడాలోంచి 0.5 తీసేసి వర్గం చేయడం) చేయాలని పాత పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అది ఫలితాన్ని అవసరానికి మించి తగ్గిస్తుంది. సంఖ్యలు చిన్నవైతే ఫిషర్ పరీక్ష చేయండి, పెద్దవైతే సవరణ లేకుండా వదిలేయండి.

పదో అడుగు: కంప్యూటర్‌లో

ఎక్సెల్‌లో అయితే అంచనా పట్టిక మీరే వేసుకోవాలి. తర్వాత సీహెచ్ఐఎస్‌క్యూ డాట్ టెస్ట్ (CHISQ.TEST) ఫంక్షన్‌కి రెండు పట్టికలూ ఇస్తే నేరుగా పి-విలువ వస్తుంది. కై-స్క్వేర్ విలువ రాదు, అది విడిగా కూడుకోవాలి. మొత్తాలున్న వరుసనీ నిలువునీ పొరపాటున ఎంపికలో కలపకండి. ఎస్‌పీఎస్ఎస్ (SPSS) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో అనలైజ్, డిస్క్రిప్టివ్ స్టాటిస్టిక్స్, క్రాస్‌టాబ్స్‌కి వెళ్ళి స్టాటిస్టిక్స్‌లో కై-స్క్వేర్, క్రామర్ వి, సెల్స్‌లో ఎక్స్‌పెక్టెడ్, సవరించిన శేషాలు టిక్ పెట్టండి. ఫారాలు కాకుండా తయారైన పట్టిక ఎక్కిస్తుంటే ముందు వెయిట్ కేసెస్ (గడిలోని సంఖ్యని అన్ని ఇళ్ళుగా తీసుకొమ్మని చెప్పేది) పెట్టాలి. మామూలు క్రాస్‌టాబ్స్ ఊళ్ళ సంగతి పట్టించుకోదని గుర్తుంచుకోండి.

పదకొండో అడుగు: రిపోర్టులో రాయడం

ఫలితం బలంగా వచ్చినా "తోట ఇళ్ళు కాబట్టి క్యాన్ కొంటున్నాయి" అని రాయడానికి లేదు. తోట ఉన్న ఇంట్లో డబ్బు కాస్త ఎక్కువ ఆడుతుందేమో. ఇంట్లో ఒకరికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష విలువ) పెరిగిందని తెలిశాక క్యాన్ మొదలుపెట్టారేమో. ఇది ఉద్దానంలో మరీ జాగ్రత్తగా చూడాల్సిన విషయం. క్యాన్ నీళ్ళకీ కిడ్నీ జబ్బుకీ పట్టిక వేస్తే, జబ్బు వచ్చాకే నీళ్ళు మార్చిన ఇళ్ళ వల్ల క్యాన్ నీళ్ళే జబ్బు తెచ్చినట్టు కనిపించొచ్చు. అక్కడి జబ్బుకి ఫలానాదే కారణమని ఇంతవరకూ తేలలేదు. ఒక ప్రాజెక్టు పట్టిక చూసి ఊరివాళ్ళు నీళ్ళు మార్చుకునే పరిస్థితి రాకూడదు. "ఈ నీళ్ళు ఎప్పటి నుంచి వాడుతున్నారు?", "ఇంట్లో జబ్బు ఎప్పుడు బయటపడింది?" అనే రెండు ప్రశ్నలు ఫారంలో ఉంటే ఏది ముందో తెలుస్తుంది. ఆదాయాన్ని బట్టి ఇళ్ళని విడగొట్టి ఒక్కో భాగానికీ పట్టిక వేసి చూడటమూ మంచిదే.

మన ఉదాహరణకి నేనైతే ఇలా రాస్తాను: "15 ఊళ్ళలో ఊరికి 20 చొప్పున 300 ఇళ్ళు సర్వే చేశాం. క్యాన్ నీళ్ళు ఎక్కువగా వాడేవి తోట ఇళ్ళలో 42 శాతం, వేట ఇళ్ళలో 27.5 శాతం, కూలి ఇళ్ళలో 21.7 శాతం. ఊళ్ళని లెక్కలోకి తీసుకోకపోతే కై-స్క్వేర్ 12.26, స్వేచ్ఛాంకం 4, పి-విలువ 0.0155, క్రామర్ వి 0.14. ఊరి లోపలి పోలిక 0.05 అనుకుని సవరిస్తే విలువ 6.29, పి-విలువ సుమారు 0.18. కాబట్టి జీవనాధారానికీ తాగే నీళ్ళకీ సంబంధం ఉందని ఈ సర్వే ఆధారంగా చెప్పలేం." దీని కింద పూర్తి పట్టిక, "చెప్పలేం" అన్న ఇళ్ళ సంఖ్య, ఊళ్ళని ఎలా ఎంచుకున్నారో చెప్పే నాలుగు వాక్యాలు చేర్చండి.